మా గుమ్మం ముందు మోహన

లిఫ్టు పక్కన గోడకి అంటించిన కాగితం మీద పద్నాలుగు పేర్లున్నాయి. చివరిది మా పాప చేతిరాత. "నాలుగో అంతస్తు, మా అమ్మ, వయొలిన్. నేల మీద కూర్చుని వాయిస్తుంది" అని ఫ్రెంచిలో రాసింది. ఎనిమిదేళ్ళ పిల్ల. నన్నడగలేదు, వాళ్ళ నాన్ననీ అడగలేదు.

కాగితం పైన మొదటి అంతస్తు పెద్దాయన పెద్ద అక్షరాలతో రాశాడు: "జూన్ 21, శనివారం, సాయంత్రం ఆరు నుంచి, మన గుమ్మం ముందు. ఏది వాయించినా, ఎంత వచ్చినా."

ఆ "ఎంత వచ్చినా" అన్న మాట దగ్గర చేతిలో కూరల సంచీతో అలాగే నిలబడిపోయాను.

మాది విజయనగరం. 1919లో మహారాజావారు సంగీత కళాశాల పెట్టిన ఊరు. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి మొదటి ప్రిన్సిపాలు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఫిడేలు చెప్పింది అక్కడే. అలాంటి ఊళ్ళో ఒక పిల్ల ఫిడేలు పెట్టె పట్టుకుని రిక్షా ఎక్కితే, ఎదురైన ప్రతివాళ్ళూ అడిగేది ఒకటే: "ఎంతవరకూ వచ్చిందమ్మా?" గీతాలు అయ్యాయా, వర్ణాలు మొదలెట్టారా, కీర్తనల్లోకి వచ్చావా. ప్రేమగానే అడిగేవారు. కానీ ఆ ప్రశ్నకి చివర ఎక్కడో ఒక వేదిక ఉందని, అక్కడిదాకా వెళ్ళలేనివాళ్ళు కింద కుర్చీల్లో కూర్చోవాలని నాకు చిన్నప్పుడే అర్థమైంది.

ఏడో ఏట మొదలుపెట్టి తొమ్మిదేళ్ళు నేర్చుకున్నాను. పదిహేను వర్ణాలు, ఓ పాతిక కీర్తనలు వచ్చాయి. ఇంటర్లో చేరాక ఎంసెట్ టెన్షన్‌లో ఫిడేలు పెట్టెలోకి వెళ్ళింది. అందరికీ చెప్పిన కారణం అదే. అసలు సంగతి వేరు. నేను విద్వాంసురాలిని కానని, కాలేనని నాకు తెలిసిపోయింది. నాకు వచ్చిన ఆ కాస్తతో ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. నాలుగేళ్ళ కిందట ఊరు వెళ్ళినప్పుడు, ఎలకలు కొట్టేస్తాయని అమ్మ గొడవ చేస్తే, దాన్ని విమానంలో నాతోపాటే పారిస్ తెచ్చుకున్నాను. తెచ్చి బీరువా మీద పెట్టాను.

ఇక్కడ ఈ పండగని ఫెత్ ద లా మ్యుజీక్ అంటారు, సంగీతం పండగ. ఫ్రెంచిలో 'పండగ' అన్న మాట, 'చెయ్యండి' అన్న మాట చెవికి ఒకేలా వినపడతాయి. కాబట్టి ఆ పేరు పలికితే "సంగీతం చెయ్యండి" అని కూడా అర్థం. పేరు పెట్టినవాళ్ళు కావాలనే అలా పెట్టారు. మొదటి నుంచీ రెండే షరతులు: ఎవరైనా వాయించవచ్చు, వినడానికి ఎవరి దగ్గరా డబ్బు తీసుకోకూడదు.

దీని కథ నాకు చెప్పింది మొదటి అంతస్తు పెద్దాయనే. పోస్టుమ్యాన్‌గా చేసి రిటైరయ్యాడు. అరవై అయిదేళ్ళు. పద్నాలుగో ఏట నేర్చిన అకార్డియన్ ఇంకా వాయిస్తాడు. 1981లో మోరీస్ ఫ్లూరె అనే సంగీత విమర్శకుణ్ణి ప్రభుత్వంలో సంగీతం, నృత్యం చూసే శాఖకి డైరెక్టరుగా పెట్టారు. అప్పుడు సంస్కృతి మంత్రి జాక్ లాంగ్. ఆ రోజుల్లోనే ఒక సర్వే ఫ్లూరె చేతికి వచ్చింది. దేశంలో 50 లక్షల మందికి ఏదో ఒక వాద్యం వాయించడం వచ్చు, కుర్రకారులో ఇద్దరిలో ఒకరికి వచ్చు. మరి కచేరీలు చూస్తే అందులో ఏ కొద్దిమందో కనపడుతున్నారు. మిగతా వాద్యాలన్నీ ఎక్కడున్నాయి? అటకల మీద, మంచాల కింద, పెట్టెల్లో. వాళ్ళందరినీ ఒక్క రోజు వీధిలోకి పిలుద్దాం అనుకున్నారు. సంగీతం అన్నిచోట్లా ఉండాలి, కచేరీ ఎక్కడా ఉండకూడదు అన్నది ఫ్లూరె మాట.

ఆ మాట విన్న రోజు రాత్రి బీరువా మీదకి చూడకుండా పడుకోలేకపోయాను.

రోజు కూడా ఊరికే ఎంచుకోలేదు. 1976లోనే ఫ్రాన్స్ రేడియోలో పనిచేస్తున్న జోయెల్ కోహెన్ అనే అమెరికన్ సంగీతకారుడు, ఏడాదికి రెండుసార్లు, అతి పొడుగు పగలు వచ్చే రోజున, అతి పొడుగు రాత్రి వచ్చే రోజున, రాత్రంతా సంగీతం పెడదామన్నాడు. అందులో వేసవి రోజు పండగై నిలిచింది. జూన్ 21న పారిస్‌లో సూర్యుడు పొద్దున్న ఆరు కాకుండానే వచ్చి రాత్రి పదింటిదాకా ఉంటాడు. పదహారు గంటల పగలు. మా విజయనగరంలో ఆ రోజు పగలు పదమూడు గంటల పైచిలుకు, అంతే. మన పంచాంగంలో దక్షిణాయనం జూలై నడుమ కర్కాటక సంక్రాంతికి గానీ మొదలవదు. ఆకాశంలో మాత్రం సూర్యుడు దక్షిణానికి మళ్ళేది ఇప్పుడే. ఆరునెలల చలి, అయిదింటికే చీకటి పడే డిసెంబరు సాయంత్రాలు అనుభవిస్తే తప్ప ఈ ఎండ మీద ఇక్కడివాళ్ళకున్న మమకారం అర్థం కాదు. నాకు అర్థం కావడానికి మూడు చలికాలాలు పట్టింది.

మొదటి పండగ 1982 జూన్ 21న జరిగింది. సోమవారం. కొద్ది వారాల్లో హడావిడిగా సిద్ధం చేశారు. రాత్రి ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిదాకా, అరగంటసేపు ఎవరికి వచ్చింది వాళ్ళు వాయించండి అన్నారు. "ఎవరైనా వస్తారా అని మాకందరికీ అనుమానమే" అన్నాడు పెద్దాయన. అప్పుడాయనకి ఇరవై రెండేళ్ళు. కిటికీలో కూర్చుని మొదలుపెట్టాడట. ఎదురింటి కిటికీలోంచి ఎవరో క్లారినెట్ అందుకున్నారట. అరగంట దాటిపోయినా ఎవరూ ఆపలేదట. ఇప్పుడు 120కి పైగా దేశాల్లో చేస్తున్నారు. న్యూయార్క్‌లో 2007 నుంచి 'మేక్ మ్యూజిక్' పేరుతో వీధుల్లో జరుగుతోంది. మన దగ్గర పుదుచ్చేరిలో చేస్తారు. మిగతాచోట్ల ఎక్కువగా ప్రపంచ సంగీత దినోత్సవం అని వాట్సాప్‌లో శుభాకాంక్షలు వస్తుంటాయి. అవి చూసినప్పుడు నాకు కొంచెం బాధగా ఉంటుంది. ఇది శుభాకాంక్షలు చెప్పుకునే రోజు కాదు, వాయించే రోజు.

పాప రాసిన పేరు నేను కొట్టెయ్యలేదు. అది ఒక్కటి చేశాను. ఇక మూడు వారాలు మిగిలాయి.

ఫిడేలు దింపితే పై తీగ తెగి ఉంది. ర్యూ ద రోమ్ అని సాన్ లజార్ స్టేషన్ పక్కన ఒక వీధి ఉంది. అంతా వయొలిన్లు చేసేవాళ్ళ, బాగుచేసేవాళ్ళ దుకాణాలే. ఒక దుకాణంలో నడివయసావిడ నా ఫిడేలు తీసుకుని చాలాసేపు తిప్పి చూసింది. తీగల కింద వేళ్ళు ఆనే నల్లచెక్క నూనె పీల్చి నిగనిగలాడుతోంది. "ఇక్కడ ఏం రాస్తారు?" అంది. కొబ్బరినూనె, చెక్కకి కాదు, వేళ్ళకి, జారడానికి అన్నాను. ఆమె నొచ్చుకుంటుందేమో అనుకున్నాను. వయొలిన్‌కి నూనె తగలనివ్వరు ఇక్కడ. ఆమె మాత్రం "ఏదీ, ఒకసారి జారి చూపించండి" అంది. దుకాణంలో నిలబడి, పద్ధతిగా పట్టుకోవడం కూడా కుదరక, రిషభం నుంచి గాంధారానికి ఒక్క గమకం వేశాను. తీగలు సపసప అని శ్రుతి చేస్తామని, మీకంటే వదులుగా ఉంటాయని చెప్పాను. ఆమె కొత్త తీగలు వేసి, వదులు తీగలకి నప్పేవి చూసి వేశానంది. మొదట ఐరోపా నుంచి మనకొచ్చిన వాద్యమే ఇది. ముత్తుస్వామి దీక్షితుల వారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దీన్ని మన సంగీతంలోకి తెచ్చారని మేష్టారు చెప్పేవారు. రెండు వందల ఏళ్ళ తర్వాత అది తిరిగి వీళ్ళ దుకాణం బల్ల మీద కూర్చుంటే, పుట్టింటికొచ్చిన ఆడపిల్లలాగా అనిపించింది. మాట తీరు మారిపోయింది గానీ ముఖం అదే.

సాయంత్రాలు ఏడింటికి కూర్చునేదాన్ని. మొదటి వారం సరళి వరసలు, జంట వరసలు, అలంకారాలు. వేళ్ళ చివర చర్మం మెత్తబడిపోయింది, తీగ కోసుకునేది. కమాను వణికేది. రెండో వారంలో ఒక గీతం వాయిస్తుంటే, చరణంలో ఏం రావాలో బుర్రకి గుర్తు లేదు. వేలు దానంతటదే వెళ్ళి మధ్యమం మీద ఆనింది. ఇరవై ఏళ్ళ కిందట మేష్టారి గదిలో చాప మీద నేర్చుకున్నది వేలికి గుర్తుంది. వంట ఆపేసి మావారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. పెళ్ళయిన పదేళ్ళలో నేను వాయించగా ఆయన వినడం అదే మొదటిసారి.

2025లో ఆ వారం పారిస్‌లో ఎండలు మండిపోయాయి. శనివారం సాయంత్రం ఆరింటికి గుమ్మం ముందు పేవ్‌మెంట్ కాలిపోతోంది. మేముండేది సాన్ మార్తాన్ కాలువకి దగ్గర్లో ఒక సన్నటి వీధి. పెద్దాయన నాలుగు కుర్చీలు, ఒక బల్ల వేశాడు. మూడో అంతస్తు విద్యార్థి గిటార్ తెచ్చాడు. మందుల దుకాణంలో పనిచేసే అమ్మాయి ఏ వాద్యమూ లేకుండా పాడింది. గొంతు రెండుసార్లు జారింది, ఆగి మళ్ళీ ఎత్తుకుంది, ఎవరూ కదల్లేదు. మాలి నుంచి వచ్చిన వంటాయన, పక్క వీధి హోటల్లో చేస్తాడు, డ్యూటీ మధ్యలో ఏప్రన్‌తోనే వచ్చి జెంబె అనే డప్పు ఇరవై నిమిషాలు వాయించి మళ్ళీ పరుగెత్తాడు. ఇద్దరు బడిపిల్లలు రికార్డర్ అనే పిల్లనగ్రోవి మీద ఒకే పాట నాలుగుసార్లు ఊదారు. నాలుగుసార్లూ చప్పట్లు కొట్టాం.

నా వంతు వచ్చేసరికి ఎనిమిదిన్నర. పెద్దాయన గడియారం చూసి నా వైపు ఒక చూపు చూశాడు. ఎండ ఇంకా ఎదురింటి మూడో అంతస్తు దాకా ఉంది.

చాప పరిచి కూర్చుని, కుడికాలు ముందుకి పెట్టి, ఫిడేలు తల చీలమండకి ఆనించుకున్నాను. దారినపోయేవాళ్ళు ఆగడం మొదలుపెట్టారు. ఇక్కడ వయొలిన్ నిలబడి గడ్డం కింద పెట్టుకుంటారు, నేలకి దించి పట్టుకోవడం వాళ్ళు చూడలేదు. వేడికి తీగలు బిగించే బిరడలు జారుతున్నాయి, శ్రుతి నిలవడం లేదు. ఫోన్‌లో శ్రుతిపెట్టె యాప్ పెట్టాను. వీధి చివర ఎవరో డ్రమ్స్ కొడుతున్నారు, ఫోన్ శబ్దం నాకే వినపడలేదు. శ్రుతి లేకుండా నేను వాయించలేను. చేతులు చల్లబడ్డాయి. లేచి వెళ్ళిపోదామా అనుకున్నాను, నిజంగా.

పెద్దాయన వంగి అడిగాడు, ఏం కావాలని. సా, పా కావాలి, ఆగకుండా, అన్నాను. వాళ్ళ భాషలో చెప్పాలి కదా. నాది రెండు శ్రుతి, అంటే వాళ్ళ లెక్కలో సా వచ్చి 'రె', పా వచ్చి 'లా'. "రె, లా. అంతేనా? ఆపకూడదా?" అన్నాడు. అకార్డియన్ తెచ్చుకుని నా పక్కన కుర్చీలో కూర్చుని, ఆ రెండు స్వరాలూ నొక్కిపట్టి తిత్తి నెమ్మదిగా తెరిచాడు.

అచ్చం మా వీధి రామమందిరంలో హార్మోనియం శ్రుతి. ఆ శబ్దం వినగానే భుజాలు కిందకి దిగాయి.

"వాయించు" అన్నాడు. ఆరేళ్ళుగా మేమిద్దరం మెట్ల మీద ఎదురైనప్పుడల్లా ఫ్రెంచిలో 'మీరు' అనే అనుకున్నాం. ఆయన నన్ను 'నువ్వు' అన్నది అదే మొదటిసారి. మనకున్నట్టే వీళ్ళకీ మీరు, నువ్వు ఉన్నాయి. ఎప్పుడు దాటాలో తెలిసినవాళ్ళే దాటుతారు.

మోహన రాగం ఎత్తుకున్నాను. ముందు కాస్త ఆలాపన, భయంభయంగా. తర్వాత ఒక గీతం. మోహనకి అయిదే స్వరాలు. ఎన్నో దేశాల పాటల్లో ఆ అయిదూ ఉంటాయి, అందుకే దాన్ని ఎంచుకున్నాను. రెండో చుట్టుకి గిటార్ అబ్బాయికి ఆ అయిదు స్వరాలూ దొరికాయి, మెల్లగా మీటడం మొదలుపెట్టాడు. వర్ణం మొత్తం వాయిద్దామనుకున్నాను గానీ ముక్తాయి స్వరాల్లో తప్పిపోయాను. మళ్ళీ పల్లవికి వచ్చేశాను. విజయనగరంలో అయితే ముందు వరసలో ఎవరో ఒకరు తల పక్కకి తిప్పేవారు. ఇక్కడ ఎవరికీ తెలియదు అని కాదు నేను చెప్పేది. తప్పినట్టు తెలిసింది, నా ముఖంలోనే తెలిసింది. మందుల దుకాణం అమ్మాయి నవ్వి తల ఊపింది. ఆమె గొంతు జారినప్పుడు నేనూ అలాగే ఊపాను.

వాయిస్తూ ఉండగా నాకు గుర్తొచ్చింది కచేరీలు కాదు, ధనుర్మాసం. చీకటుండగానే నాన్న తలకి మఫ్లర్ చుట్టుకుని తాళాలు పట్టుకుని నగర సంకీర్తనకి బయల్దేరేవాడు. ఆర్టీసీలో గుమాస్తా. గొంతు ఏమంత బాగుండేది కాదు. వెనక రిక్షా తొక్కే ఆయన మద్దెల, ముందు బడి మేష్టారు హార్మోనియం. ఎవరి గుమ్మం ముందు ఆగితే అక్కడ ఆ ఇంటివాళ్ళు గొంతు కలిపేవారు. ఎంతవరకూ వచ్చిందని నాన్నని ఎవరూ అడగలేదు. పైడితల్లి అమ్మవారి సిరిమానుకి తప్పెటగుళ్ళు ఆడేవాళ్ళని కూడా ఎవరూ అడగరు. ఫ్లూరె 1982లో వీధిలోకి పిలిచింది మా నాన్నలాంటివాళ్ళని. అది మా ఊళ్ళోనూ ఉంది. నేను మాత్రం ఫిడేలు పెట్టె పట్టుకుని దాని పక్క నుంచే రోజూ వెళ్ళాను.

పదింటికి వీధి దీపాలు వెలిగాక పాపని తీసుకుని కాలువ వెంట నడిచాను. చర్చి మెట్ల మీద ఒక బృందగానం. కేఫ్ ముందు నలుగురు అరవై దాటిన మగవాళ్ళు ఎలక్ట్రిక్ గిటార్లతో చెమటలు కక్కుతూ రాక్ వాయిస్తున్నారు. బ్రెజిల్ డప్పులవాళ్ళు ఎర్ర చొక్కాలతో వీధి మొత్తం ఆక్రమించి నడుస్తుంటే జనం వాళ్ళ వెనక నడుస్తున్నారు. అక్కణ్ణుంచి ఉత్తరంగా కాస్త నడిస్తే లా షపెల్, శ్రీలంక తమిళుల దుకాణాల వీధి. నా వేళ్ళకి రాసుకున్న కొబ్బరినూనె అక్కడిదే. ఆ రాత్రి కొన్ని మెట్రో లైన్లు తెల్లార్లూ నడుస్తాయి.

అన్నీ బాగున్నాయని చెప్పలేను. ఒక కూడలిలో లారీ అంత స్పీకర్లు పెట్టి రికార్డు పాటలు మోగిస్తున్నారు. దానికి యాభై అడుగుల దూరంలో ఒక ముసలావిడ చెల్లో, అంటే పెద్ద వయొలిన్‌లాంటిది, పట్టుకుని కూర్చుంది. ఆవిడ వాయిస్తోందో లేదో కూడా తెలియడం లేదు, చెయ్యి కదలడం మాత్రం కనపడుతోంది. జనం ఊపిరాడనంతగా ఉన్నారు, పాపని ఎత్తుకోవాల్సి వచ్చింది. ఆ స్పీకర్లవాళ్ళకి ఏడాదిలో మిగతా రోజులన్నీ ఉన్నాయి. చెల్లో ఆవిడకి ఈ ఒక్క సాయంత్రం ఉంది. ఈ పండగని కాపాడాలంటే ముందు ఆవిడ వినపడేలా చూడాలి. తెల్లారి కాలువ గట్టు మీద సీసాలు, ప్లాస్టిక్ గ్లాసులు ఊడ్చే మునిసిపాలిటీవాళ్ళని చూసినప్పుడు కూడా నాకు అదే కోపం వచ్చింది. మా గుమ్మం ముందు మాత్రం పన్నెండింటికే పెద్దాయన, గిటార్ అబ్బాయి చీపుళ్ళు తెచ్చారు.

ఇంటికొచ్చేసరికి ఒంటిగంట. విజయనగరంలో నాలుగున్నర, నాన్న లేచే టైము. ముందురోజు విశాఖ బీచ్‌లో యోగా దినోత్సవానికి కాలనీవాళ్ళతో బస్సులో వెళ్ళొచ్చాడు. కాళ్ళు లాగుతున్నాయన్నాడు. నేను వాయించానని చెప్పాను.

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఏ రాగం?" అన్నాడు.

"మోహన."

"శ్రుతి ఎవరిచ్చారు?"

అకార్డియన్ గురించి చెప్పాను. హార్మోనియంలాగే తిత్తి ఉంటుంది నాన్నా, భుజానికి తగిలించుకుంటారు అని చెప్పాను. మొత్తం మళ్ళీ చెప్పించుకున్నాడు.

"మరి తాళం ఎవరు వేశారమ్మా?"

"ఎవరూ వెయ్యలేదు నాన్నా."

"అదేంటే, అంతమంది ఉండి!"